కొలత టేపు

ముప్పై మీటర్ల టేపు నాది.
ఇరవై రెండేండ్ల నౌకరిల
గోడలు కొలిచిన, మెట్లు కొలిచిన,
బాల్కనీల ఆరేసిన చీర కిందికెల్లి వంగి
చదరపు అడుగులు లెక్కగట్టిన.
మట్టిని కొలువుమని మాత్రం
ఎవ్వలూ చెప్పలే.

నల్లగండ్ల వెనుక గల్లీ.
ఈరవ్వ ఇంటి మీద కొత్తగ ఒక అర్ర లేసింది.
సిమెంటు రేకులు, ఒక్క కిటికీ,
నీలం డ్రమ్ము, గోడకు ఇంకా ఆరని తడి.
అప్పుడే ఎవలో కిరాయికి దిగిన్రు:
సెల్‌ఫోన్లు బాగుచేసే పిలగాడు, పెండ్లాం,
సగం అర్రంత వాళ్ల మంచమే.
నేను టేపు గుంజిన.
రెండో కొస ఈరవ్వ పట్టుకున్నది,
తన మీద పడే పన్నుకు తనే సాయం.
"ఎంత పెరుగుతది సారూ?"
చెప్పిన.
"కట్టినందుకా?"
కట్టినందుకే అవ్వా.

పక్కనే పన్నెండు వందల గజాలు.
చుట్టూ ప్రహరీ, ఇనుప గేటు, తుప్పు పట్టిన తాళం,
లోపల సర్కారు తుమ్మ, ఒక ముంగిస,
ఎవలో పారేసిన పగిలిన వాష్‌బేసిను.
గోడ మీద ఎర్ర రంగుల ఫోను నంబరు,
'ఈ స్థలం అమ్మబడదు.'
చేసిన ఒకసారి ఆ నంబరుకు.
మర్యాదస్తుడే పాపం.
"ఇంకో మూడేళ్లు ఆగుతానండీ,
రోడ్డు వెడల్పు చేస్తారట కదా."

ఖాళీ జాగకు పన్ను లేదని కాదు, ఉన్నది.
రోజుకు లెక్కేస్తే
రెండు ఇరానీ చాయిలు, ఒక ఉస్మానియా బిస్కెట్టు.
అదీ మూడేండ్ల సంది బకాయి.

ఆయన ఆగుతాంటె
గల్లీకి మంజీర పైపొచ్చింది,
దీపాల స్తంభాలొచ్చినయి, బస్సొచ్చింది.
ఈరవ్వ కట్టిన పైసలతోటి కొంత,
పిలగాడు కొన్న సబ్బుబిళ్ల మీది పన్నుతోటి కొంత.
అన్నీ వచ్చి ఆ తుమ్మల కింద పండుకున్నయి.
తెల్లారి లేచేసరికి
గజానికి పదివేలు ఎక్కింది.
పిలగాని కిరాయి కూడా ఎక్కింది.
"సడక్ మంచిగైంది కద సారూ"
అన్నది ఈరవ్వ, నా దిక్కు చూడకుంట.

మా తాత లసుమయ్యకు శంకర్‌పల్లి దిక్కు నాలుగెకరాలు.
వాన రాని యేడు బీడు పెట్టినా
మాలీపటేలొచ్చి శిస్తు అడిగెటోడట.
పంట లేదు పటేలా అంటే
భూమున్నది కదరా అనెటోడట.
జులుమే అది. ఎండిన చేను మెడ మీద కత్తి.
కాని ఆ ఒక్క మాట
నా టేపు చుట్టల ఎక్కడ్నో ఇరికి ఉన్నది.
భూమున్నది కదరా.
లసుమయ్య మొఖం మీద అన్న మాటను
ఈ గేటు ముంగట నిలబడి
ఎవ్వలూ ఎందుకనరు?

ఆఫీసుల ఒకనాడు నోరు జారిన.
అర్ర మీద తీసేద్దాం సార్,
అడుగున్న మట్టి మీద ఏద్దాం.
కట్టినా అంతే, కట్టకున్నా అంతే.
ఊరు పెంచిన ధర, ఊరికే రావాలె.
గా తాళాలు వాటంతటవే ఊడొస్తయి చూడుండ్రి.
డిప్యూటీ సారు ఫైలు మూసి నవ్విండు.
ఆయనకు ఆదిబట్లల మూడొందల గజాలున్నయి.

నాకు?
నాకూ ఉన్నది. నూటయాభై.
ఘట్‌కేసర్ దాటినంక.
బిడ్డ చదువుకని కొని నాలుగు రాళ్లు పాతిన.
సెలవు దొరికితే బండేసుకపోయి
నిలబడి చూసొస్త, పెరిగిందా అని.
గడ్డి పెరిగింది.

మొన్న ఐతారం టేపు తీసుకపోయిన.
రెండో కొస పట్టెటోళ్లు లేరు.
రాయికి చుట్టి గుంజిన.
బండి సీటు మీద కాయితం పెట్టి
నాకు నేనే ఒక నోటీసు రాసుకున్న,
కట్టనందుకు.

డిక్కీల ఉన్నదింకా.
ఏ కిటికీల కట్టాల్నో తెలువక.